ఖాళీ ట్యాంకు

పదకొండేళ్లు గాజువాక ఆటోనగర్ గోడవారన
నిలబడిపోయిన పన్నెండు-పది టాటా.
ఒకప్పుడు పోర్టుకి మాంగనీసు మోసింది.
ట్యాంకు దింపితే అడుగున
పొరలు పొరలుగా పాత రిపేర్లు:
పైన ఎంసీల్, దాని కింద
అరకు ఘాటులో ఎవరో అర్ధరాత్రి రుద్దిన బట్టల సబ్బు,
ఇంకా కింద గోనెపీచు, తారు.
గోకుతుంటే ఒక్కో డ్రైవరు తొందర
గోళ్లలో ఇరుక్కుంటోంది.

"కొత్తది ఎయించీ, ప్లాస్టిక్కుది" అన్నాడు ఓనరు.
వినబడనట్టు స్పానరు వెతుక్కున్నాను.

సర్ఫు నీళ్లు పోసి, లోపల సైకిలు చైను వేసి
ఇద్దరం అటూ ఇటూ దొర్లించాం.
తుప్పు టీ డికాషన్‌లా దిగింది.
మూడుసార్లు.

నురగ పూసి గాలి ఊదితే
మరక ఉన్నచోట ఏమీ లేదు.
జానెడు అవతల, పట్టీ బిగించినచోట,
ఉప్పుగాలిని దాచుకున్న ఫెల్టు కింద
ఆవగింజంత బుడగ.
ఆగి, ఇంకోటి.

నిండు ట్యాంకంటే పోలినాయుడికి లెక్కలేదు.
"ఖాళీదే కరుస్తాదిరా" అంటాడు,
ఇరవయ్యేళ్లుగా మొలవని ఎడమ కనుబొమ్మ తడుముకుంటూ.
నాలుగోసారి కడగమన్నాడు. కడిగాను.
చిల్లు పైకి తిప్పి, దాని అంచుదాకా
నీళ్లు నింపాకే గ్యాసు వెలిగించాడు.
ఇత్తడి కరిగి, తడబడి,
దారి దొరికినట్టు లోపలికి పాకింది.

రాత్రి పది లీటర్లు పోసి
కింద పేపరు పరిచి పడుకున్నాం.
పొద్దున్న పేపరు మీద
ఒక్క చుక్క.
వేలితో అద్ది వాసన చూశాను,
నమ్మకం చాలక నాలిక్కి రాసుకున్నాను.
మంచే.
కాస్త ఉప్పగా.