తోడు

మీటర్లన్నీ ఇంకా బాగానే ఉందంటున్నాయి.
ఆర్లిస్ మాత్రం ముక్కుతో కనిపెట్టింది.
ట్యాంకు మీది ఇనుప వంతెన పైన ఆగి
"వాన వాసన పోయింది" అంది.

బాగున్న రోజుల్లో ఆ బురద
తొలకరికి తడిసిన నేలలా ఉంటుంది.
కొత్తవాళ్ళు నమ్మరు. నేనూ నమ్మలేదు.
మొదటి వారం ముక్కుకి గుడ్డ కట్టుకు తిరిగాను.

రెండువేల మూడొందల మంది ఊరు.
స్నానాలు, అంట్లు,
ఎవరో మింగకుండా పారబోసిన మాత్రలు,
శనివారం రాత్రి బీరు,
అన్నీ మా గుమ్మంలోకే.
ఎవరింట్లో చుట్టాలు దిగారో మాకు తెలుస్తుంది.
మేమెవరమో వాళ్ళకి తెలియదు.

ఆ రాత్రి వచ్చింది పాల విరుగుడు.
చీజ్ ఫ్యాక్టరీలో వాల్వు మూయడం మరిచారు.
పదకొండు వేల గ్యాలన్లు
తెల్లగా, పుల్లగా, ఒక్క గుక్కలో.

మైక్రోస్కోపు కింద
నిన్నటిదాకా కాడల చివర గంటల్లా ఊగిన జీవులు
ముడుచుకుపోయాయి.
ఊరు నిద్రపోతోంది,
ఊరి కడుపు అరగడం మానేసింది.

బయట టామరాక్ నది.
విస్కాన్సిన్ నవంబరు, అంచుల్లో మంచు పేరుతోంది.
గొట్టానికి అరమైలు దిగువన
ట్రౌట్ చేపలు గులకరాళ్ళ సందుల్లో
గుడ్లు దాచుకున్న వారం.

గాలి పంపులు మూడూ పూర్తిగా తిప్పి,
వచ్చే నీటిని నిలవ చెరువుకి మళ్ళించి,
ఆర్లిస్ ఫోను తీసింది.
పద్నాలుగు మైళ్ళ అవతల ఆపరేటర్ని లేపింది.
"లైల్, కొంచెం బురద కావాలి."

కొంచెం తోడు కావాలి అన్నట్టే వినబడింది నాకు,
పిట్టగోడ మీంచి గిన్నె చాచినట్టు.
పిల్లి ముట్టిందో, పాలు విరిగాయో
చెప్పనక్కర్లేదు, అడగరు.
తోడు లేదనకూడదు ఎవరికీ.

మూడింటికి ట్యాంకర్ వచ్చింది, పొగలు కక్కుతూ.
పైజమా మీద కోటుతో లైల్.
రెండూళ్ళకీ ఫుట్‌బాల్లో ముప్ఫై ఏళ్ళ పగ.
"మావాళ్ళు మీ ఊళ్ళో పని చేస్తారో లేదో" అన్నాడు.

పోశాం.
తోడు వేశాక కదపకూడదంటారు.
ఇక్కడ కదుపుతూనే ఉండాలి.

ఆ నాలుగు రోజులూ
చివరి వడపోతలే కాపు కాశాయి.
నెలకి ఇంటికి పదకొండు డాలర్లు ఎక్కువని
ఊరు రెండేళ్ళు కొట్టుకుని
ఒక్క ఓటుతో ఒప్పుకున్న వడపోతలు.
వద్దన్నవాళ్ళలో పెద్ద గొంతు వాండెహే గారిది.
ఆయన ఆ శనివారం కూడా
గొట్టానికి దిగువనే గాలం వేసి కూర్చున్నాడు.
ఏమైనా తేడాగా ఉందా అని అడిగితే
చేపలు పడటం లేదన్నాడు.
ఆయనకెప్పుడూ పడవు.

మూడో రోజు ఒక గంట కాడ మీద విచ్చుకుంది.
అరిచాను.
ఆర్లిస్ శాండ్‌విచ్ నములుతూ వచ్చి
కంటద్దంలోకి వంగి "ఒకటేనా?" అంది.

అయిదో రోజు పొద్దున్నే వంతెన ఎక్కింది.
చాలాసేపు నిలబడింది. దిగొచ్చి
లాగ్‌బుక్కులో తారీకు పక్కన
ఒక్క మాట రాసింది: వాసన సరే.

లైల్ ట్యాంకర్ కడిగి పంపిస్తుంటే
ఇరుగింటి గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదన్నాను.
అదేం రివాజని ఆమె అడగలేదు.
ఫ్యాక్టరీకి ఫోన్ చేసి ఏం తిట్టిందో గాని
గంటలో మేనేజరే వచ్చి
డ్రైవర్ పక్క సీట్లో
రెండు చక్రాల చీజ్ పెట్టి
బెల్టు కట్టి వెళ్ళాడు.