నాలుగో సీసా

ఫ్యాన్ ఆపేస్తాను. గాలి తగిలితే
త్రాసులో నాలుగో దశాంశం నిలవదు.
అనంతపురంలో ఏప్రిల్ నెల, రెండో మేడ,
బల్ల మీద ఐదు సీసాలు,
ఐదూళ్ల బుడ్డలు పిండిన నూనె.
చీటీల మీద పేర్లుండవు, అంకెలే.
ముక్కు మాత్రం ఊరుకోదు:
రెండోది గానుగ పక్కన నిలబడ్డ మధ్యాహ్నం,
ఐదోది ఏ సంగతీ బయట పెట్టని పెద్దమనిషి,
నాలుగోది
తడి గోనె.

ముందు అయొడిన్ లెక్క.
నూనెలో ఎన్ని ఖాళీ చేతులున్నాయో
అన్నిటినీ అయొడిన్ పట్టుకుంటుంది.
అరగంట చీకట్లో, అల్మారాలో పెట్టాలి.
ఆ అరగంటా టీకి కూడా పోను,
మూడో సీసా మూత బిగించానా లేదా అని
కూర్చుని అనుమానపడతాను.
తర్వాత గంజి చుక్క. సిరా నీలం.
బ్యూరెట్ ఒక్కో చుక్కతో నీలాన్ని కొరుక్కుంటూ పోయి
ఒక చుక్క దగ్గర, అంతే,
ఇక్కడ ఎవరూ లేరన్నట్టు తేటబడుతుంది.
ఖాళీ చేతులెక్కువైతే
గాలితో తొందరగా స్నేహం, తొందరగా కంపు.
(మా చిన్నాయన గురించి ఇంట్లో ఇదే మాటంటారు.)

ఐదోది కొత్త వంగడం, చేతులు ముడుచుకుని కూర్చుంది.
ఏడాది డబ్బాలో ఉన్నా చెడదని
సుగుణాకర్ సారు కాగితం రెండుసార్లు చదువుకున్నారు.
చదువుకోవాల్సిందే. పన్నెండేళ్లు దాని వెంటే తిరిగారు.

ఇక ఆమ్లం.
వేడి ఆల్కహాల్, రెండు చుక్కల సూచకం.
మంచి నూనెకు ఒక మిల్లీలీటరు కూడా పట్టదు,
కుంకుమ చేతులు కడిగిన నీళ్లంత గులాబి నిలుస్తుంది.
నాలుగోదానికి నిలవలేదు.
రెండు. నాలుగు. ఆరున్నర.
రావడం, ఫ్లాస్కు తిప్పగానే పోవడం.
ఏడు దాటాక ముప్పై సెకన్లు నిలిచింది.
రాశాను. ఎర్ర సిరాతో కింద గీత కూడా గీశాను.

కుందుర్పి బస్సు దిగి కుళ్ళాయప్ప వచ్చి
బయట బెంచీ మీద కూర్చున్నాడట, పొద్దున్నించీ.
"ఎట్లుందమ్మా మా బుడ్డల నూనె?"
చెప్పాను.
ఆయన ఎర్ర గీత వైపు చూడలేదు, కిటికీ వైపు చూశాడు.
"ఇత్తేటప్పుడు మొగులుకల్లా చూసి చూసి మెడలు నొచ్చె.
అప్పుడు రాలేదు తల్లీ.
పీకి ఓదెలేసినాక వచ్చి మూడు దినాలు పట్టుకునింది."
తువ్వాలు ముడి విప్పి దోసెడు కాయలు పోశాడు,
విత్తనానికని అటక మీద పొగకు దాచినవి, గలగలమన్నాయి.
"ఇవీ ఆ ఇత్తనమే. వాన ముందరివి."

సాయంత్రం అందరూ పోయాక
వాటిని దంచి, రాత్రంతా మరిగించి నూనె తీశాను.
పొద్దున ముప్పావు మిల్లీలీటరుకే
గులాబి.

రిపోర్టులో వంగడానికి గడి ఉంది,
తేమకుంది, రంగుకుంది, సంతకానికుంది.
వానకు లేదు.
అంచులో పెన్సిల్‌తో రాశాను: కాయ ఓదెలో తడిసింది.
టైపు కొట్టే పిల్లాడు పెన్సిల్ రాతలు ఎక్కించడు, తెలుసు.
ఎర్ర గీత మాత్రం ఎక్కిస్తాడు.

ఆరు కాయలు మిగిలాయి.
రెండు తిన్నాను.
తక్కినవి సొరుగులో, అరిగిపోయిన రబ్బరు పక్కన.