అవాంఛిత ఉత్పత్తి

కొండపి దాటాక ఇరవై ఏడో నంబరు బ్యారన్.
మాఘమాసపు చలి, రాత్రి పదకొండు.
నోట్లో టార్చిలైటు, ఒళ్ళో ప్రశ్నావళి.

కర్ర ఎంత?
"పదహారు వందల కిలోలు. జామాయిలు, కాస్త సర్కారు తుమ్మ."
ఆకు?
"నాలుగు క్వింటాళ్ళ ఎనభై దిగద్ది."

పద్నాలుగో గడి: అవాంఛిత ఉత్పత్తి.
పొగ ఎంత?
పొయ్యి మూతి దగ్గర చెంచయ్య తలెత్తి నవ్వాడు.
"పొగకి కాటా యాడుందయ్యా?
వేలంలో దానికి పాట పాడినోడే లేడే!"

నా లెక్కలో ఉంది దానికి ధర.
ఒక కిలో పొగ తగ్గాలంటే
ఎంత ఆకు వదులుకోవాలో, అంత.
రాని ఆకుతో తూచిన ధర,
ఎవరూ ఎవరికీ చెల్లించనిది.

ఒంగోలు గదిలో ఫ్యాను కింద
నలభై రెండు బ్యారన్లూ నలభై రెండు చుక్కలు.
అంచు చుక్కల్ని కలుపుతూ ఒక గీత.
గీత మీదున్నవాడికి ఒకటి,
లోపల పడ్డవాళ్ళకి సున్నా పాయింటు ఎంతో కొంత.
ఇరవై ఏడుకి ఒకటి.

ఎట్లా?
అదే మట్టిగోడ, అవే రేకు గొట్టాలు,
పక్క బ్యారన్ తాగినంత కర్ర ఇది తాగదు.
మళ్ళీ బస్సెక్కాను.

"పెద్ద దుంగ తోసి పోయి పండుకోవచ్చు.
అది సగం మండి సగం పొగ కక్కుద్ది.
నేను మణికట్టంత పుల్లలేస్తా,
పావుగంటకోసారి.
వేడిముల్లు కదలదు."
ఎన్ని రాత్రులు?
"ఆకు మాగిందాకా. ఐదు. చలెక్కువైతే ఆరు."
మరి కూలి?
"దుంగ తోసినోడికెంతో నాకూ అంతే."

నిప్పు వెలుగులో అతని కళ్ళు
చింతనిప్పులని రాయబోయి ఆగాను.
ఎర్రగా ఉన్నాయి, అంతే.
నిద్రకి గడి లేదు నా కాగితంలో.

మా సారుకి ఫోన్ చేశాను, ఒక గడి కలపనా అని.
"వద్దమ్మా, శాంపిల్ చిన్నది.
గళ్ళు పెరిగేకొద్దీ గీత అందరి దాకా సాగిపోతుంది.
చివరికి ప్రతివాడికీ ఒకటే వస్తుంది.
ఇంక మోడల్ ఎందుకు?"

టంగుటూరు దాకా
మార్జిన్లో పెన్సిల్‌తో గళ్ళు గీస్తూనే ఉన్నాను.
చున్నీ నిండా ఇరవై ఏడో నంబరు వాసన.
పక్క సీటాయన ముక్కు మూసుకుని
కిటికీ వైపు జరిగాడు.