ఏడు పాయింట్ రెండు

రిపోర్టులో ఆ అంకె చుట్టూ
ఎవరో పెన్నుతో రెండుసార్లు సున్నా చుట్టారు.
తిరుపతి పెద్దాసుపత్రి, ఆడవాళ్ళ వార్డు,
పద్దెనిమిదో మంచం, ఏర్పేడు చెంగమ్మ.

"రగతం ఎక్కించండి మేడం" అన్నాడు కొడుకు మునిశేఖర్.
మామిడి గుజ్జు ఫ్యాక్టరీ నుంచి అట్లే వచ్చాడు,
మోచేతుల దాకా ఎండిన పసుపు.
"చూడండి, సున్నం కొట్టిన గోడ మాదిరుంది మాయమ్మ."

ఉంది. కాదనను.
కింది రెప్ప లాగి చూశాను,
పిన్నీసులు పక్కకు జరిపి గుండె విన్నాను.
తొందరేం లేదు దానికి,
చెరుకు బండి ఎడ్లలా తన నడక తను నడుస్తోంది.
ఎక్కడా కారడం లేదు నెత్తురు.
ఏళ్ళ తరబడి, ఎవరూ చూడకుండా,
చిటికెడు చిటికెడుగా తరిగిన ఎరుపు ఇది.

పదికి తగ్గితే ఎక్కించెయ్ అనేవాడట మా సారుకు వాళ్ళ సారు.
మా సారు ఏడన్నాడు, గుండె జబ్బుంటే ఎనిమిది.
అని, కాసేపాగి,
"అంకెకు కాదమ్మా, మనిషికి ఎక్కించు" అన్నాడు.
రాత్రి రెండింటికి
మనిషి నిద్రపోతూ ఉంటుంది,
అంకె మేలుకుని నన్నే చూస్తుంటుంది.

పోయిన నెల, పదకొండో మంచం తాతకు
వాళ్ళడిగారని ఎక్కించాను.
తెల్లారేసరికి లేచి కూర్చుని
గాలి కోసం నోరు తెరిచాడు.
ఆ సంచి ఎంత ఎర్రగా, ఎంత మంచిగా వేలాడిందో.

"సోమారం నేనిచ్చింది యాడబోయింది మరి?"
లేబర్ రూముకు పోయింది మునిశేఖర్.
కాన్పయిన పిల్ల పరుపు దాటి తడిసిపోతుంటే
అక్కడ ఎవరూ రిపోర్టు కోసం ఆగలేదు.
అదేమీ చెప్పలేదు.
"మీ అమ్మకు కావాలంటే ఉంది" అన్నాను.
అబద్ధం కాదు. నిజమంటే నిజమూ కాదు.

ఐరన్ సీసా పెట్టి, బ్లడ్ బ్యాంకుకు చీటీ రాసి,
పంపకుండా కోటు జేబులో ఉంచుకున్నాను.

అయిదింటికి చెంగమ్మ లేచింది.
బాత్రూముకు ఇరవై రెండు అడుగులు,
వెనకే నడుస్తూ లెక్కపెట్టాను.
వచ్చేటప్పుడు పదమూడో అడుగు దగ్గర
కిటికీ ఊచ పట్టుకుని ఆగిపోయింది.
బయట, కొండ మీదికి పోయే దారిలో ఇంకా దీపాలు.
దండం కోసం ఆగిందా,
ఊపిరి కోసమా?

"ఏమైందమ్మా?"
"ఉండు అమ్మణ్ణీ" అంది, తిరక్కుండానే.

ఆమె మణికట్టు పట్టుకుని
వాచీలో ముల్లు వైపు చూస్తున్నాను.