పేరు లేని వాకిళ్లు

"ఏందక్కా, నీ ఇంటికి పదకొండు వాకిళ్లుండాయి,
ఒక్కదానికీ పేరు లేదే" అన్నాడు ఓబులేసు,
ఇయర్‌ఫోన్ ఒకటి తీసి నా చెవికి అందిస్తూ.

విన్నాను.
బటన్. బటన్. బటన్. లింక్. బటన్.

ఆసుపత్రి పేజీ అది. నేను కట్టిన పేజీ.
మారతహళ్లి ఆంధ్రా మెస్సులో పప్పన్నం చల్లారిపోతుంటే
లేత నీలం మీద ఇంకాస్త లేత నీలం పూసుకుంటూ
మూడు నెలలు కట్టాను.
రక్తపరీక్ష రిపోర్టు ఏ బటన్ వెనకుందో
ఆ యంత్రం గొంతుకి తెలీదు.
నేను చెప్పలేదు దానికి.

అతడు దాన్ని వినే వేగం
మూకుడులో ఆవాలు చిటపటలాడినట్టుంది.
నాకొక్క ముక్క అందలేదు.
"మా ధర్మవరంలో మగ్గాల మోతలో
మాటలు ఏరుకునేవోళ్లం. దీందేముంది."

ముందు బొమ్మకు మాట రాశాను:
తెల్లకోటులో చిరునవ్వు నవ్వుతున్న డాక్టరమ్మ.
"ఆయమ్మ నవ్వు నాకెందుకక్కా,
ఏ పూట ఉంటాదో రాయి."
కొట్టేశాను. ఎముకలు, సోమ గురువారాలు, సాయంత్రం నాలుగు.
ఇదేదీ బొమ్మలో లేదు.
బొమ్మ తీసేశాను. పేజీ తేలికపడింది.

అతడిచ్చిన జాబితాలో నాలుగోది:
వరసల మధ్య ఎడం పెంచాలి,
రెండు కొసలా గోడకట్టినట్టు సర్దిన పేరాలు విప్పాలి.
ఎవరికోసమో అనుకుని విప్పాను.
సరిచూడ్డానికి చదివాను.
వేలు పెట్టకుండా చదివాను.

ఇక్కడ ఒకటి చెప్పాలి.

ఆదోని, నాలుగో తరగతి, నల్లబల్ల.
వ తలకట్టు విడగొడితే ప,
ప పొట్టలో పుల్ల గుచ్చితే ష,
ర లోపల చుక్క వేస్తే ఠ.
మిగతా పిల్లలకు అవి నిలబడేవట.
నాకు సంతలో మేకపిల్లల్లా
ఒకదాని కాళ్లకింద నుంచి ఒకటి దూరేవి.
పడవను గట్టిగా, ధైర్యంగా, వడప అన్నాను.
క్లాసంతా నవ్వింది. సులేమాన్ సారు నవ్వలేదు,
స్కేలు తీశారు.
తర్వాత ఆ స్కేలే పనికొచ్చింది,
వరస కింద పెట్టి వరసను పారిపోకుండా పట్టుకోడానికి.
డిగ్రీ అలాగే. ఉద్యోగమూ అలాగే.
ఆఫీసులో నేను పాటలు వింటాననుకుంటారు.
మెయిళ్లు చదివించుకుంటాను,
తక్కువ గొంతులో, దొంగతనంగా.

ఓబులేసుకి చెప్పాను.
కాసేపు తెల్లకర్ర మడిచాడు, విప్పాడు.
"ఏ వేగంలో పెట్టుకుంటావు?"
ఒకటింబావు.
"అబ్బ, ఎద్దులబండి!" అన్నాడు.
ఇరవై ఏళ్లలో ఈ సంగతికి
నేను నవ్వడం అదే మొదలు.

శుక్రవారం మీటింగులో నంబియార్ అడిగాడు:
"ఇట్లాంటివాళ్లు నూటికెంతమంది? వచ్చే నెల చూద్దామా?"
లెక్క చూపిద్దామని కాగితం తీశాను.
అంకెలు అటూ ఇటూ జరిగాయి, మామూలే.
కాగితం బోర్లా పెట్టేసి
"ఈ గదిలో ఇద్దరం" అన్నాను.
నంబియార్ ఓబులేసు వైపు చూశాడు,
తర్వాత రెండోమనిషి కోసం
బల్ల చుట్టూ కళ్లతో వెతికాడు.
నేనక్కడే కూర్చుని ఉన్నాను.

లిఫ్టులో ఓబులేసు మూడో అంకె తడిమాడు.
బ్రెయిలీ స్టిక్కరు ఏడాదిగా తలకిందులుగానే ఉందట.
"చెప్పలేదా ఎవరికీ?"
"నాలుగుసార్లు. ఇప్పుడిది నా చుట్టం."

వంతెన కింద వాన. బురదలో బస్సు దీపాలు.
"మూడువందల యాభైమూడు వస్తోంది" అన్నాను.
"ఈ దారిలో అట్లాంటి బస్సే లేదక్కా.
అది మూడు ముప్పైఅయిదు. ఇంజను దగ్గు వినపళ్లా?"

ఎక్కాం.
కండక్టరు మెజెస్టిక్, మెజెస్టిక్ అని అరుస్తున్నాడు.
టికెట్టు మీద అక్షరాలు చీమ తలకాయంత ఉన్నాయి,
చదవబోయి జేబులో పెట్టేసుకున్నాను.
సీటు దొరగ్గానే ఓబులేసు గుర్తుచేశాడు,
ఇంకా ఏడు వాకిళ్లుండాయని.