బొద్దింక సాక్ష్యం

పట్టాళంలో పొద్దున నాలుగున్నరకి
మూత ఎత్తగానే ముందు బొద్దింకల కోసం చూస్తాను.
ఇప్పుడా అవసరం లేదు.
యంత్రం మెడలో వేలాడే మీటరు
లోపలి గాలిలో విషమెంతో అంకెల్లో చెప్తుంది.
అయినా చూస్తాను.

మా నాన్న నేర్పిన శాస్త్రం అది:
మూత తీశాక అవి గోడలెక్కి పరిగెత్తితే దిగొచ్చు.
ఒక్కటీ కదలకపోతే
దూరంగా పోయి బీడీ ముట్టించు,
మేస్త్రీ ఎంత తిట్టినా సరే.

యంత్రం సాలీడులా కాళ్ళు చాపి
గుంట మీద నిలబడుతుంది.
దాని చెయ్యి లోపలికి దిగుతుంది.
నేను పైన, కాళ్ళకి బూట్లు,
చొక్కా జేబులో పెన్ను
(పెన్నుతో పనేం లేదు, ఉంటే బాగుంటుందని).
రెండు మీటలు పట్టుకుని తెర చూస్తుంటాను.

మా ఇంటి మగవాళ్ళు మూడు తరాలు
కాలివేళ్ళతో, మోచేతులతో, మూసిన కళ్ళతో చదివిన చోటు.
వెలుతురులో చూడటం నాకదే మొదలు.
దొరల కాలం నాటి ఎర్ర ఇటుకలు.
వంపు తిరిగిన కప్పు.
ఎవరూ చూడరని తెలిసీ
ఏ తాపీవాడో ఎంత శ్రద్ధగా పేర్చాడు!
అందంగా ఉందని అనబోయి
నోరు మూసుకున్నాను.

మూడో మెట్టు కమ్మీ విరిగిపోయింది.
అది తెర చెప్పక్కర్లేదు.
నా ఎడమ మోకాలి మీద ఇంకా ఉంది దాని సంతకం.

పని నేర్పడానికొచ్చిన ఇంజనీరు పిల్ల కయల్విళి
నా అరవం విని నవ్వదు.
"కెమెరాకి దొరకనిది ఏమైనా ఉందా అన్నా?"
అని నోటుబుక్కు తీసింది.
వాసన, అన్నాను.
రాసుకుంది.

ఇంటికొచ్చాక తట్టాయి మిగతావి.
చీలమండ దగ్గర చల్లగా ఉన్న నీళ్ళు
ఉన్నట్టుండి వెచ్చబడితే
పక్క గొట్టం తెరుచుకుందని.
నెత్తి మీంచి బస్సు పోతే
చప్పుడు ముందు పళ్ళలో వినబడుతుందని.
తాడు ఒకసారి లాగితే బాగున్నానని,
రెండుసార్లు లాగితే పైకి తియ్యమని,
అసలు లాగకపోతే

మా చిన్నాన్న ఏసుపాదం లాగలేదు.

ఆ రోజు బొద్దింకలు ఉన్నాయి.
బతికే ఉన్నాయి, గోడ నిండా.
నేనే చూసి, దిగు చిన్నాన్నా అన్నాను.

రూతమ్మ ఇప్పుడు నా చొక్కాని
పిల్లల బట్టలతో కలిపి నానేస్తుంది.
యంత్రం చేసిన మేలేంటని ఎవరైనా అడిగితే
నేను ఆ బకెట్టు చూపిస్తాను.
వేరే బకెట్టు ఇంకా ఉంది, దాన్లో తులసి నాటింది
ఎదురింటి పిల్ల.

అయిదుగురం చేసే పని ఇద్దరికి సరిపోయింది.
పోలేరయ్య అపార్ట్‌మెంట్ గేటు దగ్గర
కుర్చీ లేని వాచ్‌మన్.
మస్తానయ్య ఊరికి పోయాడన్నారు, ఏ ఊరో తెలీదు.
పెంచలయ్యకి ఫోన్లొస్తాయి, రాత్రిపూట,
యంత్రం తిరగని సందుల్లోంచి.

మొన్న వానరాత్రి నాకు చేశాడు.
ఓటేరి అవతల, ఇద్దరు పక్కపక్కన నడవలేని సందు.
ఇంటాయన గొడుగు కింద పన్నెండు వందలు పట్టుకున్నాడు.
పెంచలయ్య చొక్కా విప్పి నడుముకి తాడు కట్టాడు.
"చూడరా, పరిగెడుతున్నాయి, గాలి బాగుంది."

నేను యంత్రం మెడలోంచి విప్పి తెచ్చిన మీటరు
(అడగలేదు, అడిగితే ఇవ్వరు)
దారం కట్టి కిందికి వదిలాను.
రెండు బారలు దిగిందో లేదో
అది కూత పెట్టింది.
సందంతా మేలుకుంది. కిటికీల్లో దీపాలు.
మా వాళ్ళ తరఫున అంత గట్టిగా
అంతకుముందెవరూ అరవలేదు.

ఇంటాయన డబ్బు జేబులో పెట్టేసుకున్నాడు.
పెంచలయ్య తాడు విప్పలేదు.
ఎర్రగా ఆరి వెలిగే ఆ అంకె వంక చాలాసేపు చూసి
మెల్లగా అడిగాడు:
"దీనికి, అద్దె ఏ తారీఖుకి కట్టాలో కూడా తెలుసా?"