రెండో తీగె

పోయిన శుక్రవారం అంతా ఒక్క తీగె మీదనే పంపిన.
తప్పు నాదే.
ములుగు రోడ్డు దవాఖాన, పొద్దున తొమ్మిది,
ఓపీ చీటీల లైను మెట్ల దాకా వచ్చి ఆగింది.
స్క్రీన్ మీద గుండ్రం తిరుగుడే తిరుగుడు.
బ్లడ్ బ్యాంకు మిషన్ ఒక సర్వర్ లకెల్లి ఇంకో సర్వర్ లకు
తన జ్ఞాపకమంతా మోసుకొని పోతుంటే
మనుషుల పేర్లకు తొవ్వ దొరకలే.

ఇయ్యాల రాత్రి రెండున్నర.
చెప్పులు బయట ఇడిసి వచ్చిన,
ఏసీ హోరుల కాళ్లు తిమ్మిరెక్కుతున్నయి.
రెండో పోర్టుకు నీలం తీగె గుచ్చిన.
వీలాన్ నలభై. వేరే అడ్రసు. గేట్‌వే గడి ఖాళీ.
"గది నింపలేదేంది మేడమ్, మర్చిపోయిన్రా?"
చాయ్ ఫ్లాస్కు ఒళ్లె పెట్టుకొని
తోడు కూసున్న ఓదెలు అడిగిండు.

మర్చిపోలే.
మేడారం పోలేదా నువ్వు?
బస్సులకో తొవ్వ, కార్లకో తొవ్వ.
నా ఆరేండ్లప్పుడు అన్నీ ఒక్క తొవ్వనే పట్టినయి.
పస్రా కాడ తెల్లారేదాక కదల్లే,
నా ఒళ్లె బంగారానికి చీమలు పట్టినయి.

గంతే కాదు ఓదెలూ,
ఈ తీగెల పోయేది బట్ట కప్పుకొని పోదు.
ఎవరిది ఏ నెత్తురు, ఎవరికి ఏ రోగం
ఉన్నదున్నట్టు పోతది.
తొంగి చూసేటోడు ఉండొద్దు,
బయటికి తలుపే ఉండొద్దు.

మొదలువెట్టిన.
పేజీలు పోతున్నయి, పోయినవే మళ్లా మారుతున్నయి.
పైన ఎవరికో ఓ నెగెటివ్ రెండు సంచులు ఇచ్చిన్రు,
ఆ ఒక్క పేజీ మళ్లా పంపాలె.
ఇల్లు మారుతున్నం గని
పొయ్యి మీద అన్నం ఉడుకుతనే ఉన్నది.
వేలు, వందలు, పదులు,
ఇగ ఊపిరి బిగవట్టినంత సేపు.

పింగ్ ఒక్కటి పోయింది.
ఒక్కటే.

అప్పుడే పైకెల్లి ఫోన్. గుండె గుభేలుమన్నది.
నర్సు సుగుణమ్మ.
"ప్రింటర్ల కాగితాలు అయిపోయినయి,
మీ కాడ ఉన్నయా?"
ఓదెలు ఒక కట్ట చంకల వెట్టుకొని లేచిండు,
లిఫ్ట్ ముందర ఒక్క నిమిషం నిలవడి
స్ట్రెచర్ వస్తున్నది చూసి
మెట్ల దిక్కు తిరిగిండు.